పట్టాల ముచ్చట్లు: ఈ నెల ప్రశ్నలన్నీ గూడ్స్ ఇంజన్ల మీదే

పోయిన నెల డీజిల్ గూడ్స్ ఇంజన్ల చిన్న బొమ్మ మోడళ్ల మీద ఒక పేజీ రాస్తే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన వాటి గురించే ఉన్నయ్, ఒక పెద్దాయన అయితే నేను రాసినదాంట్లో తప్పు కూడా పట్టుకున్నారు, అది ఆఖర్ల చెప్తా. నేను పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, మా నాన్న గూడ్స్ గార్డు, కాబట్టి ఎక్స్‌ప్రెస్ బండ్ల కన్నా బొగ్గు బండ్ల మీద నాకు కొంచెం పక్షపాతం ఉంటది, సర్దుకుపోండి.

ప్రశ్న: అన్నా, మా బావ డాలస్ నుంచి వస్తూ మా బాబు కోసం రైలు సెట్ తెచ్చిండు. ఒక డీజిల్ ఇంజన్, ఆరు గూడ్స్ డబ్బాలు, గుండ్రంగా పట్టాలు. ప్లగ్ మన సాకెట్‌లో పట్టకపోతే కన్వర్టర్ పిన్ను కొని పెట్టిన. బండి రాకెట్ లెక్క ఉరికింది, రెండు నిమిషాలకి కాలిన వాసన, పొగ. ఇంజన్ కూడా పోయినట్టేనా? బావకి ఇంకా చెప్పలేదు. — మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే చెప్పకు తమ్ముడూ, ముందు ఇంజన్ బతికి ఉందేమో చూద్దాం. నువ్వు కొన్న పిన్ను రంధ్రం ఆకారాన్ని మారుస్తది గానీ కరెంటుని మార్చదు. అమెరికాలో 120 వోల్టులు, మన ఇంట్లో 230, అక్కడి పవర్ ప్యాక్‌ని నేరుగా మన గోడకి పెడితే దాదాపు డబుల్ పోతది, అందుకే అట్లా ఉరికింది. ఇట్లాంటి కేసుల్లో ఎక్కువసార్లు కాలేది పవర్ ప్యాక్ లోపలి ట్రాన్స్‌ఫార్మరే. దాన్ని మళ్ళీ ప్లగ్‌లో పెట్టి చూద్దామనే పని అస్సలు చెయ్యకు, పక్కన పడెయ్.

ఇంజన్‌ని చెక్ చెయ్యడానికి 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి తెచ్చుకో. దాని రెండు కొనల నుంచి రెండు వైర్లు తీసి ఒకటి ఎడమ పట్టాకి, ఒకటి కుడి పట్టాకి తగిలించి ఇంజన్‌ని పట్టా మీద పెట్టు, కదిలిందంటే మోటార్ క్షేమం. వైర్లు అటుఇటు మారిస్తే వెనక్కి పోవాలి. లైటు మాత్రమే వెలిగి కదలకపోతే మోటార్ బ్రష్‌లు చూడాలి. కదిలి కూడా వేడి వాసన వస్తుంటే ఆపేసి ఎవరికైనా చూపించు.

పవర్ ప్యాక్ కోసం అమెరికాకి ఫోన్ చెయ్యక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి 12 వోల్టుల డీసీ అడాప్టర్, ఒక ఆంపియర్ పైన ఉండేది, దానితో పాటు మోటార్ స్పీడ్ కంట్రోలర్ బోర్డు, ముందుకీ వెనక్కీ మార్చే స్విచ్ ఒకటి అడుగు, షాపాయనే వైర్లు ఎట్లా కలపాలో చూపిస్తడు. ఒక్క జాగ్రత్త, ఇంజన్‌లో సౌండ్ చిప్పు లాంటిది ఉంటే ఆ చవక స్పీడ్ బోర్డు వాడొద్దు, దానికి ఆ కరెంటు పడదు. ముందు ముందు అమెరికా నుంచి ఏం వచ్చినా వెనక స్టిక్కర్ మీద ఇన్‌పుట్ ఎంత రాసి ఉందో చదివి 100-240 అని లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకో.

ప్రశ్న: సార్, నాకు మన రైల్వే డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 మోడల్ కావాలి. ఎక్కడ చూసినా అమెరికా, యూరప్ ఇంజన్లే కనబడ్తున్నయ్. కొందరు హెచ్‌ఓ అంటరు, కొందరు ఓఓ అంటరు, పట్టా మాత్రం రెండింటికీ ఒకటే అంటరు. ఇంకొకాయన ఇండియా ఇంజన్‌ని ఆ పట్టా మీద పెడితే తప్పు అన్నడు. ఏది నిజం? — తార్నాక

జవాబు: అందరూ నిజమే చెప్పిన్రు, అదే చిక్కు. స్కేల్ అంటే అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించినం అనే లెక్క, గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ 1:87, ఓఓ 1:76, రెండూ తిరిగేది 16.5 మి.మీ. పట్టా మీదే. 16.5ని 87తో గుణిస్తే 1435 వస్తది, అమెరికా యూరప్‌ల స్టాండర్డ్ గేజ్ సరిగ్గా అంతే, కాబట్టి హెచ్‌ఓ లెక్క కుదిరింది. ఓఓ బ్రిటన్ వాళ్ళది, వాళ్ళ ఇంజన్లు అసలుకే చిన్నవి, ఆ రోజుల్లో దొరికే మోటార్లు లోపల పట్టక బాడీని కాస్త పెద్దగా చేసి పట్టాని మాత్రం అట్లనే ఉంచేసిన్రు, ఆ సర్దుబాటు ఇప్పటికీ నడుస్తనే ఉంది.

ఇక మనది 1676 మి.మీ. బ్రాడ్ గేజ్. హెచ్‌ఓలో లెక్క ప్రకారం చెయ్యాలంటే పట్టాల మధ్య 19.3 మి.మీ. ఉండాలి, బజార్ల దొరికే పట్టా దాని కన్నా దాదాపు 3 మి.మీ. ఇరుకు. ఎదురుగా నిలబడి చూస్తే లావుపాటి మనిషి కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డట్టు కనిపిస్తది, పక్క నుంచి చూస్తే మాత్రం ఎవరికీ తెల్వదు. నేను ఒకప్పుడు పట్టుదలకి పోయి 19.3 మి.మీ.తో ఒక అడుగు పట్టా, ఒక పాయింట్ (పట్టా రెండుగా చీలే చోటు) చేతితో వేసిన, ఆ ఒక్క పాయింట్‌కే మూడు ఆదివారాలు పట్టింది, అక్కడితో దండం పెట్టిన. మీరు మామూలు హెచ్‌ఓ పట్టా మీదే నడుపుకోండి, తప్పు అన్నాయన్ని ఇంటికి పిలిచి పక్క నుంచే చూపించండి.

బాడీ సంగతి. డబ్ల్యూడీఎం-2 అసలు పొడవు 17.12 మీటర్లు, హెచ్‌ఓలో 19.7 సెంటీమీటర్లు, అంటే స్కూల్ పిల్లల జామెట్రీ బాక్స్ అంత. మన దగ్గర ఎక్కువమంది చేసేది ఏందంటే బాడీని 3డీ ప్రింట్ చేయించి కింద అమెరికా మోడల్ చాసిస్ (మోటార్, చక్రాలు ఉండే కింది భాగం) పెట్టుకోవడం. ప్రింట్ రెజిన్‌తో చేయించండి, ప్లాస్టిక్ తీగ కరిగించే మెషీన్‌తో చేస్తే గీతలు గీతలుగా వస్తది, ఎంత రుద్దినా గ్రిల్స్ దగ్గర పోవు. చాసిస్ ఎంచుకునేటప్పుడు కింద బోగీని చూడండి (బోగీ అంటే మనం పెట్టెని అంటం గానీ రైల్వే వాళ్ళ భాషలో అది చక్రాలు బిగించిన ఫ్రేమ్). డబ్ల్యూడీఎం-2కి ఉండేది ఆల్కో అనే అమెరికా ఇంజన్ల కంపెనీ వాళ్ళ ట్రైమౌంట్ బోగీ, మూడు ఇరుసులు ఉంటయ్ గానీ వాటి మధ్య ఖాళీలు సమానంగా ఉండవు, రెండు చక్రాలు దగ్గరగా, ఒకటి కాస్త ఎడంగా. ఇది మిస్ అయితే పైన ఎంత బాగా పెయింట్ వేసినా షెడ్‌లో పని చేసినోళ్ళు ఒక్క చూపుతో పట్టేస్తరు. అమెరికాలో ఆల్కో ఆర్‌ఎస్‌డీ సిరీస్ ఇంజన్లకి ఇదే జాతి బోగీ, ఆ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి, కొనేముందు మాత్రం బోగీల మధ్య దూరం స్కేల్ పెట్టి కొలుచుకోండి. హ్యాండ్‌రెయిల్స్ ప్రింట్‌లో వచ్చినవి కోసేసి మ్యూజిక్ షాపులో గిటార్ సన్న తీగ 12 నంబర్‌ది కొని వంచుకోండి, 0.3 మి.మీ. ఉంటది, హెచ్‌ఓకి సరిగ్గా సరిపోతది.

రంగు విషయంలో ఒక్కటే మాట, షెడ్ షెడ్‌కీ రంగులు వేరే, సంవత్సరం సంవత్సరానికీ మారినయ్. కాజీపేట ఇంజన్ చేస్తుంటే కాజీపేట ఫోటోనే పెట్టుకోండి, గుత్తి ఫోటో చూసి వెయ్యకండి.

ప్రశ్న: ఇంజన్ కుదుపులు కుదుపులుగా నడుస్తుందని పట్టాలకి కొబ్బరి నూనె రాశాను. మొదట బాగుంది, ఇప్పుడు అస్సలు కదలడం లేదు. — దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నెత్తికి రాసుకునేది పట్టాకి రాస్తే అంతే సార్. కొబ్బరి నూనె డిసెంబర్‌లో మన ఊళ్ళో గడ్డ కడతది, ఎండాకాలంలో ఫ్యాన్ దుమ్ముని పట్టుకుని జిడ్డు పేస్ట్ అయితది, రెండు కాలాల్లోనూ చక్రానికి కరెంటు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్నిపోగులు రాని బట్ట మీద పోసి పట్టాలు తుడవండి, చక్రాలు కూడా. గరుకు కాగితం వద్దు, గీతల్లో మళ్ళీ మురికి కూర్చుంటది. గేర్లకి ప్లాస్టిక్‌ని తినని సన్న నూనె ఒక్క చుక్క, సూది మొనతో, సరిపోతది.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా ఆయన ఈ మధ్య మీ పేజీ చదివి హాల్లో రైలు వేస్తానంటున్నారు, 58 వ్యాగన్ల గూడ్స్ బండి పెట్టాలంట. మా అత్తగారు టీవీ ఎక్కడ చూడాలి? మీరే చెప్పండి, మీ మాటైతే వింటారు. — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తప్పంతా నాదే అన్నట్టు రాశారు, సరే ఒప్పుకుంటా. మీ ఆయనకి ఈ లెక్క చదివి వినిపించండి. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒకటి 10.7 మీటర్లు, 58 పెడితే 621 మీటర్లు, హెచ్‌ఓలో తగ్గిస్తే 7 మీటర్ల పైన. ఇంజన్లు, గార్డు డబ్బా ఇంకా కలపలేదు. ఆ బండి ముందు భాగం మీ హాల్లో ఉంటే వెనక భాగం పక్కింటి వాళ్ళ వంటగదిలో ఉంటది, వాళ్ళు ఒప్పుకోరు.

అట్లాగని వద్దనకండి, గోడకి ఒక అరుగు చాలు. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ షెల్ఫ్, అత్తగారి టీవీ పైనో పుస్తకాల అల్మారా పైనో. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే ఆయన చాలా ఏళ్ళ కింద ఇంగిల్‌నుక్ అని ఒక చిన్న యార్డ్ డిజైన్ చేశారు, రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు), ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతయ్, మిగతా రెండింట్లో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు ఉంచి చీట్లు తీసి ఐదింటిని చీటీల వరసలోనే బండిగా కట్టాలి, అదీ ఆట. ఇంజన్ ముందుకు పోయి వెనక్కి రావడానికి వదిలిన పట్టాలో ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లే పడతయ్, అందుకే తల పట్టుకోవాల్సి వస్తది. ఆ ఐదు వ్యాగన్ల వరసలు లెక్కేస్తే 6,720 వస్తయ్, రోజుకొకటి ఆడినా పద్దెనిమిదేళ్ళు. బాక్స్‌ఎన్ ఒకటి 12.3 సెంటీమీటర్లు కదా, ఐదింటికి 62, ఇటు ఇంజన్‌తో మూడింటికి 57, మధ్యలో రెండు పాయింట్లకి 40, అన్నీ కలిపి 160, ఆరడుగులంటే 183 సెంటీమీటర్లు, హాయిగా పడుతది.

సనత్‌నగర్ గూడ్స్ యార్డ్ వైపు ఎప్పుడైనా పోయి ఉంటే చూసే ఉంటారు, ఒక ఇంజన్ నాలుగు వ్యాగన్లు పట్టుకుని ముందుకు పోయి ఆగి వెనక్కి తోసి, మనిషి దిగి కప్లింగ్ చూసి మళ్ళీ చెయ్యి ఊపి, గంట సేపు అదే పని. ఆ పని ఇంట్లో చేసుకోవచ్చు, అత్తగారికి సీరియల్ బ్రేక్‌లో అది కూడా టైంపాసే.

ప్రశ్న: మోడళ్ళకి అమెరికా క్లాసిక్ డీజిల్స్ అంటే ఏవి? మా చెల్లె అక్కడే ఉంది, తెప్పించుకుందామనుకుంటున్నా. ఒక్కటి కొంటే ఏది కొనాలి? — నిజాంపేట

జవాబు: కథ 1939లో మొదలవుతది. జనరల్ మోటార్స్ వాళ్ళ ఇంజన్ల కంపెనీ (తర్వాతి పేరు ఈఎండీ) ఎఫ్‌టీ అనే ఇంజన్ తయారు చేసి, నాలుగు యూనిట్లు కలిపి 5,400 హార్స్‌పవర్‌తో, 103 నంబర్ డెమో బండిని దేశం అంతా తిప్పిన్రు, దాదాపు పదకొండు నెలలు, 83,764 మైళ్ళు. అది చూసిన రైల్వేలకి ఆవిరి ఇంజన్ రోజులు అయిపోయినయని అర్థమైంది. తర్వాత ఎఫ్7, నున్నటి ముక్కు, బస్సు ముఖం లెక్క ఉంటది. చూడ్డానికి అందం గానీ వెనక్కి పోవాలంటే డ్రైవర్‌కి ఏం కనపడదు. అందుకే 1949లో జీపీ7 వచ్చింది, ఇంజన్ మీద సన్నటి పెట్టె, పక్కన నడవడానికి దారి, మన డబ్ల్యూడీఎం-2 ఆకారం అదే కుటుంబం. 1972లో వచ్చిన ఎస్‌డీ40-2 ఆరు ఇరుసులు, 3,000 హార్స్‌పవర్, వేలల్లో కట్టిన్రు, అమెరికా గూడ్స్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే.

మీకు చోటు తక్కువైతే జీపీ7 కొనండి, నాలుగే ఇరుసులు, 18 అంగుళాల వంపులో (వంపు కొలత అంటే ఆ గుండ్రం వ్యాసార్ధం) కూడా తిరుగుతది. ఎస్‌డీ40-2 లాంటి ఆరు ఇరుసులదానికి కనీసం 22 అంగుళాల వంపు పెట్టుకుంటే మంచిది, గుండ్రంగా వెయ్యాలంటే బల్ల నాలుగడుగుల వెడల్పు ఉండాలి, ముందు మంచం కొలవండి.

ఇంకొక ముచ్చట, 1962లో ఆల్కో, ఈఎండీ రెండు కంపెనీల ఇంజన్లూ మన దేశానికి వచ్చినయ్. ఆల్కో ఇంజన్ డబ్ల్యూడీఎం-2 అయింది, ఈఎండీది డబ్ల్యూడీఎం-4, రెండూ 2,600 హార్స్‌పవరే. టెక్నాలజీ ఇవ్వడానికి ఆల్కో ఒప్పుకుంది, వారణాసిలోని రైల్వే ఇంజన్ల ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూలో 1964 నుంచి వేల సంఖ్యలో తయారైనయ్, డబ్ల్యూడీఎం-4 మాత్రం తెచ్చిన 72తోనే ఆగిపోయింది. 1969లో మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ని లాగింది ఆ ఆగిపోయినదే. అదే ఏడాది అక్కడ ఆల్కో ఇంజన్ల తయారీ మూసేసింది, ఇక్కడ మనం ఇంకా దశాబ్దాలు దాని ఇంజన్లనే కట్టుకుంటూ పోయినం.

ప్రశ్న: ఓఎల్‌ఎక్స్ లాంటి సైట్‌లో ఒక పాత హెచ్‌ఓ డీజిల్ కొన్నాను. అమ్మినాయన 'కొత్తదాని లెక్క ఉంది, డబ్బా కూడా తెరవలేదు' అన్నాడు. నడిపితే టక్ టక్ మని శబ్దం, పట్టా జాయింట్ దగ్గర కాదు, ఎక్కడైనా వస్తుంది. పట్టా మార్చా, నూనె వేశా, పోలేదు. — ఉప్పల్

జవాబు: డబ్బా తెరవకపోవడమే దాని రోగం కావచ్చు. ముందు శబ్దాన్ని లెక్కపెట్టండి. ఇంజన్‌ని బాగా నెమ్మదిగా నడిపి ఒక టక్‌కీ ఇంకో టక్‌కీ మధ్య ఎంత దూరం పోయిందో స్కేల్ పక్కన పెట్టి చూడండి. హెచ్‌ఓలో అమెరికా డీజిల్ చక్రం 11.7 మి.మీ. ఉంటది, ఒక చుట్టు తిరిగితే 3.7 సెంటీమీటర్లు. మీ టక్ కూడా అంతే దూరానికి వస్తుందంటే చక్రం చుట్టుకొకసారి ఏదో అడ్డం పడుతుందన్నట్టు, నూటికి తొంభై ఇరుసు మీది గేర్ పగిలింది.

ఇంజన్‌ని మెత్తటి తువ్వాల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బోగీ కింద ఉండే ప్లాస్టిక్ మూతని సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి మెల్లగా లేపండి, చక్రాలు బయటికి వస్తయ్. ఒక్కో జతని కిటికీ వెలుగులో పట్టుకుని గేర్ మధ్యలో ఇరుసు దూరే గొట్టం లాంటి చోట చూడండి, వెంట్రుక అంత సన్నటి గీత ఉంటది, గోరుతో నొక్కితే తెరుచుకుంటది. పాత మోడళ్ళల్లో ప్లాస్టిక్ గేర్‌ని లోహపు ఇరుసు మీద బిగుతుగా దూర్చేవాళ్ళు, ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ బిగుసుకుని డబ్బాలో ఉన్నా సరే తనంతట తనే పగులుతది. పగిలిన చోట రెండు పళ్ళ మధ్య ఖాళీ పెరుగుతది, పక్క గేర్ అక్కడికి వచ్చినప్పుడల్లా ఎక్కి దిగాలి, అదే టక్. ఫెవిక్విక్ వెయ్యకండి, వారం ఆగి మళ్ళీ పగులుతది, ఈసారి ఇరుసు కూడా పాడవుతది. ఒకటి పగిలిందంటే మిగతావి కూడా లైన్లో ఉన్నట్టే, అన్నీ ఒకేసారి మార్చుకోండి. కొత్త గేర్లు దూర్చాక చక్రాల మధ్య దూరం గేజ్ ముక్కతో చూసుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే టక్ పోయి పాయింట్ల దగ్గర పట్టా దిగడం మొదలైతది.

అమ్మినాయన్ని తిట్టుకోకండి, ఆయనకీ తెల్వకపోవచ్చు.

ప్రశ్న: అంకుల్, నేను ఎనిమిదో తరగతి. ఇంజన్ మీద డబ్ల్యూడీజీ-3ఏ అని ఉంటుంది కదా, దాని అర్థం ఏంటి? పొగ వచ్చే మోడల్ కొనాలా? — బోడుప్పల్

జవాబు: చిన్నా, మొదటి అక్షరం పట్టా. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్. రెండోది డీ, డీజిల్. మూడోది పని, జీ అంటే గూడ్స్, పీ ప్యాసింజర్, ఎం అంటే రెండూ, ఎస్ అంటే షంటింగ్. తర్వాత 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, ఏ అంటే ఇంకో వంద, మొత్తం 3,100. కానీ డబ్ల్యూడీఎం-2లో ఆ 2 మాత్రం హార్స్‌పవర్ కాదు, రెండో మోడల్ అని, పరీక్షలో అడిగితే రాయి. పొగ వద్దు, మోడల్‌లో వచ్చేది తెల్ల పొగ, నూనె పొగ, పట్టాలన్నీ జిడ్డు. అసలు ఆల్కో ఇంజన్ వదిలేది నల్లటిది, డ్రైవర్ గబగబా నాచ్‌లు (ఇంజన్ జోరు పెంచే మెట్లు) పెంచితే డీజిల్ ముందు వెళ్ళిపోతది, టర్బో తిరిగి గాలి అందించేసరికి కాస్త ఆలస్యం అయితది, ఆ మధ్యలో సగం కాలిన డీజిల్ మబ్బు లెక్క లేస్తది.

ప్రశ్న: సౌండ్ ఉన్న ఇంజన్ కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు, ధర చూస్తే గుండె ఆగుతుంది. డీసీసీ నిజంగా అవసరమా? నా ఇంజన్ డబ్బా మీద 'డీసీసీ రెడీ' అని ఉంది, మరి సౌండ్ రావట్లేదు. — ఈసీఐఎల్

జవాబు: రెడీ అంటే లోపల సాకెట్ ఒకటి ఉందని, అంతే. డీకోడర్ అనే చిన్న బోర్డు, స్పీకర్ మీరు కొని పెట్టుకోవాలి. గ్యాస్ కనెక్షన్ రెడీ అన్నట్టు, సిలిండర్ మనదే.

అవసరమా అంటే, ఒక్క ఇంజన్ ఒక్క పట్టా అయితే అవసరం లేదు. మామూలు డీసీలో పట్టాకి ఎంత కరెంటు ఇస్తే దాని మీదున్న అన్ని ఇంజన్లూ అంత ఉరుకుతయ్. డీసీసీలో పట్టాకి ఎప్పుడూ పూర్తి కరెంటు ఉంటది, దాంతో పాటు ఆదేశాలు పోతయ్, 'మూడో నంబర్ ఇంజన్ కదులు' అంటే అదొక్కటే కదులుతది, కొత్తగా వచ్చే డీకోడర్లన్నీ మామూలుగా నంబర్ 3 మీదే ఉంటయ్.

కానీ సౌండ్ విషయంలో నా మనసు మెత్తబడింది, ఒప్పుకుంటా. కొన్ని సౌండ్ డీకోడర్లలో ఆల్కో 251 శబ్దం దొరుకుతది, మన డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆ కుటుంబం ఇంజనే, పదహారు సిలిండర్లది. ఒక ఫ్రెండ్ ఇంట్లో మొదటిసారి విన్నప్పుడు నాకు మా క్వార్టర్స్ వెనక రాత్రి పూట సిగ్నల్ కోసం ఆగిన గూడ్స్ గుర్తొచ్చింది, ఆ గుబ్ గుబ్ గుబ్ మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు వచ్చే లయ. హారన్ మాత్రం అమెరికాదే వస్తది, దాన్ని మ్యూట్ చేసి పెట్టుకోండి.

సౌండ్ కొన్నాక చెయ్యాల్సిన పని ఒకటుంది. సీవీ3, సీవీ4 అని రెండు సెట్టింగులుంటయ్, ఒకటి వేగం అందుకోవడానికి, ఒకటి ఆగడానికి ఎంత టైం పట్టాలో చెప్పేవి. రెండూ పెంచండి. నాబ్ తిప్పితే ముందు ఇంజన్ గొంతు పెరగాలి, తర్వాత కొంచెం ఆగి బండి కదలాలి. చాలామంది కొన్నోళ్ళు ఆ పని చెయ్యకుండా గిర్రున తిప్పుతరు. ఒక మీటరు పట్టాని ఒక సెకనులో దాటిందంటే హెచ్‌ఓలో అది గంటకి 313 కిలోమీటర్లు. బొగ్గు బండికి 75 కావాలంటే మీటరుకి నాలుగు సెకన్లు, యార్డులో 15కి పోవాలంటే 21 సెకన్లు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 21 సెకన్లలో ఆగకుండా, కుదుపు లేకుండా ఒక మీటరు పోతుందేమో చూడండి. పోయిందంటే మంచి మోడల్, సౌండ్ లేకపోయినా సరే. పోకపోతే ఎంత ధర పెట్టినా బొమ్మే.

బరువు కూడా చూసుకోండి. 112 టన్నుల ఇంజన్‌ని లెక్క ప్రకారం తగ్గిస్తే 170 గ్రాములే వస్తది, అంత తేలికైతే నాలుగు వ్యాగన్లకే చక్రాలు జారుతయ్, అందుకే మంచి మోడళ్ళల్లో లోపల ఇనుప దిమ్మ పెట్టి దానికి రెండు మూడింతలు చేస్తరు. ఖాళీ ఉంటే ఇంకా సీసం ముక్కలు అతికించొచ్చు, ఇంజన్ మధ్యలోనే, ఒక కొసకి కాదు.

ప్రశ్న: అయ్యా, నేను కాజీపేట షెడ్ బండ్లు నడిపిన రిటైర్డ్ లోకో పైలట్‌ని, ఇప్పుడు మౌలాలిలో కొడుకు దగ్గర ఉంటున్న. పోయిన నెల మీరు డబ్ల్యూడీజీ-4 కూడా ఫోర్ స్ట్రోకే అని రాసిన్రు, అది తప్పు. రెండు రకాలూ నా చేతుల మీద నడిచినయ్, శబ్దంలోనే తెలుస్తది. మనవడు ప్లాస్టిక్ ఇంజన్ ఒకటి తెచ్చిండు, దాని మీద నేను నడిపిన నంబర్ వెయ్యాలని ఉంది, ఎట్లా?

జవాబు: సార్, తప్పు నాదే, దిద్దుకుంటున్న. ఆల్కో 251 ఫోర్ స్ట్రోక్, డబ్ల్యూడీజీ-4లో ఉన్న ఈఎండీ 710 టూ స్ట్రోక్. 1999లో జనరల్ మోటార్స్ నుంచి మొదటివి వచ్చినప్పుడు 4,000 హార్స్‌పవర్, ఏసీ ట్రాక్షన్ మోటార్లు, శబ్దం కూడా మీరన్నట్టు వేరే, ఆల్కో గుబగుబలాడితే ఇది ఒకే ఊపిరిలో రొద పెడతది. మోడల్ కొన్నోళ్ళు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకోండి, డబ్ల్యూడీజీ-4 బాడీలో ఆల్కో సౌండ్ పెడితే మౌలాలి నుంచి ఉత్తరం వస్తది.

నంబర్ సంగతి. డెకాల్ పేపర్ అని ఉంటది, నీళ్ళల్లో నానబెడితే బొమ్మ జారి బాడీ మీదకి వస్తది, చిన్నప్పుడు చేతికి అంటించుకునే బొమ్మల లెక్క. చిక్కేందంటే ఇంట్లో ఉండే ప్రింటర్ తెల్ల రంగు వెయ్యదు. నంబర్ తెలుపైతే తెల్ల డెకాల్ పేపర్ తీసుకుని చుట్టూ బాడీ రంగుని ప్రింట్ చేసి అంకెల చోటు మాత్రం ఖాళీ వదలాలి, బాడీ రంగు కలవడం కోసం రెండు మూడు షేడ్లు ప్రింట్ చేసి పగటి వెలుగులో పక్కన పెట్టి చూసుకోవాలి. అంకె ఎత్తు ఫోటోలో క్యాబ్ తలుపుతో పోల్చుకుంటే కుదురుతది. అంటించే ముందు ఆ చోట మెరిసే వార్నిష్ ఒక పూత, ఆరాక డెకాల్, మళ్ళీ మ్యాట్ పూత, లేకపోతే అంచులు వెండిలాగా మెరుస్తయ్.

ఇదంతా మీరు పెట్టుకోకండి సార్. ఇంజన్ నంబర్, మీరు నడిపిన ఏడు, పాత ఫోటో ఏదైనా ఉంటే దాని కాపీ పత్రిక ఆఫీసుకి పంపండి, మనవడు తెచ్చిన ఇంజన్ పొడవు ఎన్ని సెంటీమీటర్లో కూడా రాయండి. షీట్ నేను తయారు చేసి పంపిస్త, టూ స్ట్రోక్‌ని ఫోర్ స్ట్రోక్ అన్నందుకు జరిమానా అనుకోండి.